మంచె మీద తుపాకీ దేనికి ఆనాలి?

అడవి పందుల విషయంలో తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ఒక నిర్ణయం తీసుకుంది. రిజర్వు అడవి హద్దు నుంచి కిలోమీటరు లోపల పందిని కాల్చకూడదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య అయితే పట్టుకుని మళ్లీ అడవిలో వదలాలి. మూడు కిలోమీటర్లు దాటి వచ్చి పంట తింటుంటే, శిక్షణ ఉన్న అటవీ సిబ్బంది కాల్చొచ్చు. రైతు చేయగలిగింది ఫిర్యాదు ఇవ్వడమే. తుపాకీ ముట్టుకునే పని ఆయనకు లేదు.

హోసూరు, డెంకణికోట, తళ్లి, వేపనపల్లి వైపు పొలం ఉన్నవాళ్లకి ముందుగా వచ్చే సందేహం ఒక్కటే. మన చేను ఎన్నో కిలోమీటరులో ఉంది? అడవికి ఆనుకున్న ఊళ్లకు ఈ ఉత్తర్వుతో ఒరిగేది తక్కువ. దూరంగా ఉన్నవాళ్లకు మాత్రం ఒక దారి తెరుచుకుంది. ఇప్పటిదాకా చర్చంతా ఈ కిలోమీటర్ల చుట్టూనే నడిచింది. కాల్చేది ఎవరు, ఎంత దూరంలో అన్నదాని మీదే మాటలు. ఎక్కడ కూర్చుని, తుపాకీ దేని మీద ఆనించి కాలుస్తారన్నది ఎవరూ పెద్దగా అడగలేదు.

అదేందయ్యా, తుపాకీ ఆనించేదానికి కూడా జీవో కావాలా అని నవ్వొచ్చు. కానీ రాత్రి పేలిన తూటా పందికి తగిలిందా, తగిలీ తగలకుండా పోయిందా అన్నది సగం ఆ ఆనిక మీదే ఉంటుంది. తగలకపోతే పెద్ద నష్టం లేదు, బెదిరి పారిపోతుంది. సగం తగిలితేనే కష్టం. కడుపులోనో కాలికో దెబ్బ తిన్న పంది చెరకు తోటలోనో, లంటానా పొదలోనో పడుంటుంది. తెల్లారి గడ్డి కోసుకోను వెళ్లిన ఆడమనిషి మీదికి అదే లేస్తుంది. కాల్చినాయన అప్పటికి జీపెక్కి వెళ్లిపోయి ఉంటాడు.

లెక్క చూస్తే తెలుస్తుంది

మామూలు పన్నెండు బోరు తుపాకీ మడమ నుంచి కొస దాకా మీటరు పైచిలుకు ఉంటుంది. భుజానికి ఆనిన మడమ అలాగే ఉండి, కొస ఒక్క సెంటీమీటరు పక్కకు కదిలిందనుకోండి. 30 మీటర్ల అవతల గుండు దాదాపు పాతిక సెంటీమీటర్లు తప్పిపోతుంది. పందిని ఒక్క దెబ్బకు పడగొట్టే చోటు, అంటే గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు, ముందు కాలి వెనక కిందికి ఉంటుంది. అంతా కలిపి రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత. మూడు, మూడున్నర కిలోల బరువుని గాల్లో పట్టుకుని, మార్గశిర మాసపు చలిలో, నాలుగు గంటలు కాచుకున్న చెయ్యి సెంటీమీటరు కూడా వణకకుండా ఉంటుందా? ఉండదు. ఎంత అలవాటున్న చెయ్యైనా ఉండదు.

అందుకే చాటు నుంచి కాల్చేవాళ్లు ప్రపంచమంతా ఏదో ఒక ఊత వాడతారు. పంగల కర్ర, రెండు కాళ్ల బైపాడ్, మూడు కాళ్ల ట్రైపాడ్, ఇసుక సంచి, కిటికీ గడపకు బిగించే కొయ్య... రకాలు చాలా ఉన్నాయి. దుకాణంలో బాగా కనిపించేవన్నీ మన మంచెకు పనికిరావు. మన మంచె వెదురు బొంగులతోనో, సర్వి కొయ్యలతోనో కట్టింది. పది, పన్నెండు అడుగుల ఎత్తు. పైన ఇద్దరు కూర్చుంటే ఒకరి మోకాలు ఇంకొకరికి తగులుతుంది.

ట్రైపాడ్ సంగతే తీసుకుందాం. గట్టి నేల మీద దానికి మించింది లేదు. తల గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి పంది నడుస్తుంటే దాని వెంటే తుపాకీ తిప్పొచ్చు. కానీ మంచె మీద మూడు కాళ్లు పరిచేంత చోటెక్కడిది? పైగా దాని కాళ్లు మంచె అట్టడి మీద నిలబడతాయి. పక్కాయన కాలు మార్చుకుంటే బొంగులు కదులుతాయి, బొంగులతో పాటు ట్రైపాడ్, దాంతో పాటు తుపాకీ. ఒంటి కర్ర ఊతదీ అదే జబ్బు. తుపాకీకే బిగించే బైపాడ్ పడుకుని కాల్చేవాళ్ల కోసం చేసింది. కూర్చున్నవాడికి అది ఎత్తు చాలదు. గట్టి కొయ్య మీద దాని ఇనుప కాళ్లు టక్కుమంటాయి కూడా. పంది చూపు మందమే గానీ ముక్కు, చెవి రెండూ పదును. ఇనుము ఇనుముకు తగిలిన ఒక్క చప్పుడు చాలు, ఆ రాత్రికి ఇక రాదు.

మంచెకు సరిపోయేది పాత పద్ధతే. ముందు రెండు గుంజలకు కలిపి కట్టిన అడ్డబద్ద, దాని మీద సగం నింపిన ఇసుక సంచి. ఊత అట్టడి మీద కాకుండా గుంజకు ఉంటుంది కాబట్టి పక్కాయన కదిలినా అంతగా ఊగదు. గుంజలు నేలలో రెండడుగులు దిగి ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు. సంచి నిండా బిగించి కుట్టకూడదు. సగమో, ముప్పాతికో ఉంటేనే తుపాకీ కూరుకుని కదలకుండా కూర్చుంటుంది. ఇసుక బరువనుకుంటే రాగి పొట్టు పోసినా నడుస్తుంది గానీ అంత స్థిరం ఉండదు. బద్దకు పాత సైకిలు ట్యూబు చుడితే చప్పుడు రాదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గొట్టాన్నే బద్ద మీద పెడతారు. అలా పెట్టకూడదు. గట్టిదాని మీద గొట్టం ఆనితే పేలినప్పుడు ఎగిరిపడి గుండు గురి కన్నా పైకి పోతుంది. ఆనాల్సింది గొట్టం కింద ఎడమ చెయ్యి పట్టుకునే కొయ్య భాగం. అదీ మెత్తటిదాని మీద. ముందు ఊత ఒక్కటే ఉన్నా సగమే పని అయినట్టు. వెనక మడమ కింద ఇంకో చిన్న సంచి, లేదా కుడి మోచేతికి ఒక బద్ద ఉండాలి. వణుకు ఎక్కువగా పుట్టేది వెనక నుంచే.

ఎత్తు ఎంత పెట్టాలి? దీనికి కొలత చెప్పలేం. కూర్చునే పీటను బట్టి, మనిషిని బట్టి మారుతుంది. వెన్ను వంచకుండా, మెడ చాపకుండా చెంప తుపాకీ మీద ఆనాలి. మంచె మీద నుంచి చూపు కిందికి ఉంటుంది కాబట్టి, కొస దించితే మడమ పైకి లేస్తుంది. నేల మీద సరిపోయిన ఎత్తు మంచె మీద సరిపోదు. పగటి పూట ఎక్కి, ఖాళీ తుపాకీతో చూసుకుని బద్ద కట్టుకోవాలి. రాత్రి ఎక్కాక సరిచేసుకుందాంలే అంటే ఆ చప్పుడుకే పని చెడుతుంది.

లైటు సంగతి కూడా ఇందులోనే ఉంది. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో తుపాకీ పట్టుకుని కాల్చేవాడు దేన్నీ గట్టిగా పట్టుకోలేడు. లైటు తుపాకీకే బిగించాలి, లేదా రెండో మనిషి పట్టుకోవాలి. మన జవళగిరి అడవుల్లో పులి కోసం మంచె మీద రాత్రిళ్లు గడిపిన బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ కథలు 1954లో పుస్తకంగా వచ్చాయి. ఆ రోజులు వేరు. పులిని కాల్చడం గొప్పగా చెప్పుకునే కాలం అది. ఇప్పుడు కావలసింది గొప్ప కాదు, పంట దక్కడం, మనిషికి ప్రమాదం లేకపోవడం.

మేకులు రెండు

ఆనికతో ఇంకో ఉపయోగం ఉంది. నా దృష్టిలో గురి కన్నా ఇదే పెద్దది. అడ్డబద్ద మీద సంచికి అటూ ఇటూ రెండు మేకులు నిలబెడితే తుపాకీ ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది. ఊరి వైపుకో, పక్క చేను గుడిసె వైపుకో, రోడ్డు వైపుకో తిరగమన్నా తిరగదు. చీకట్లో, పంది కదిలిన ఉద్రేకంలో, అటువైపు ఏముందో మనిషి మరిచిపోతాడు. మేకు మరిచిపోదు.

దీనికి మంచె ఎత్తు కూడా తోడవుతుంది. పైనుంచి కిందికి కాల్చిన గుండు తప్పినా కొద్ది దూరంలోనే మట్టిలో దిగుతుంది. నేల మీద ఆకుల చాటు నుంచి కాలిస్తే అడ్డు లేకుండా పోతూనే ఉంటుంది. రైఫిలు తూటా అయితే కిలోమీటరు దాటి పోయినా ఆశ్చర్యం లేదు. మన చేలు చిన్నవి, ఇళ్లు చెదురుమదురు. రాగి కోత కాలంలో కళ్లం దగ్గర పడుకునేవాళ్లూ ఉంటారు. బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల గుంపులు దిగేదీ ఆ కాలంలోనే. అందుకే నేల చాటు వద్దు, మంచే కావాలని అడగాలి.

ఇవేమీ లేకుండా ఎవరికి వాళ్లు చేసుకుంటే ఏమవుతుందో చూశాం. 2020 మేలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో, పందుల కోసం పెట్టిన పేలుడు ఎర కొరికి చూలుతో ఉన్న ఏనుగు చచ్చిపోయింది. 2023 మార్చిలో మన పక్కనే ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర, చేను చుట్టూ దొంగచాటుగా లాగిన కరెంటు తీగకు మూడు ఏనుగులు బలయ్యాయి. రెండు గున్నలు దిక్కులేనివయ్యాయి, రైతు జైలు పాలయ్యాడు. అదే తీగకు మనుషులు పోయిన ఊళ్లూ ఉన్నాయి. రైతుకి పంట పోతుంటే చూస్తూ కూర్చోమనడం న్యాయం కాదు. అలాగని తీగ లాగడం, బాంబు పెట్టడం ఏ విధంగానూ దారి కాదు.

చట్టం ఏమంటోంది

1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేట నేరం. అయితే పంటతో సహా ఆస్తికి, ప్రాణానికి ముప్పు తెచ్చే కొన్ని జంతువులను చంపడానికి అనుమతి ఇచ్చే అధికారం 11వ సెక్షన్‌లో ఉంది. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. అనుమతి లేకుండా చంపితే కేసే. పంట కాపలాకని లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు కూడా అది పందిని కాల్చే లైసెన్సు అనుకోవద్దు. రెండూ వేరు.

ఒక్కో రాష్ట్రం ఈ అధికారాన్ని ఒక్కో రకంగా పంచింది. తెలంగాణ 2021లో సర్పంచుల వైపు మొగ్గింది. కేరళ 2022లో పంచాయతీ, మున్సిపాలిటీ అధ్యక్షులకు అప్పగించి, విషం, పేలుడు, కరెంటు మాత్రం వాడరాదంది. తమిళనాడు తన సిబ్బంది చేతిలోనే ఉంచుకుంది. హద్దు మీద బతికే మనకు ఇది తలనొప్పే. పంది చెక్‌పోస్టు చూసి ఆగదు. హోసూరు పక్క చేలో చెల్లే నియమం గట్టు దాటి కర్ణాటకలోనో, చిత్తూరు జిల్లాలోనో చెల్లదు. అటు ఉన్న బంధువు చేసిండు గదా అని ఇటు చేస్తే చిక్కే.

తమిళనాడు పద్ధతే మేలని నాకనిపిస్తుంది, ఒక షరతు మీద. పిలిచిన రాత్రి సిబ్బంది రావాలి. వారం తర్వాత వస్తే శెనక్కాయ చేలో మిగిలేది మట్టి గడ్డలే. ఉన్న సిబ్బందే ఏనుగుల వెంట తిరుగుతుంటే పందికి ఎవరు దొరుకుతారన్నది ఇంకా తేలని విషయం. వచ్చేవాళ్లు కొత్త చేను, కొత్త చీకటి మధ్య టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడి కాల్చాల్సి వస్తే, శిక్షణ ఎంత ఉన్నా పైన చెప్పిన సెంటీమీటరు లెక్క మారదు. మంచె, ఆనిక ముందే తయారుగా ఉండాలి. అది కట్టగలిగేది రైతే. పంది ఏ దారిన దిగుతుందో, గాలి ఏ వైపు నుంచి వీస్తుందో ఆయనకే తెలుసు.

కాల్చాక ప్రశ్నలు రాకుండా ఉండవు. మహారాష్ట్ర యావత్మాల్ జిల్లాలో 2018 నవంబరు 2 రాత్రి అవని అనే ఆడపులిని హైదరాబాదు నుంచి వెళ్లిన షూటరు చంపినప్పుడు, దేశమంతా అడిగినవి ఇవే. చీకట్లో ఎందుకు కాల్చారు, బండిలో నుంచి ఎందుకు కాల్చారు, ముందు మత్తు సూది ఎందుకు సరిగా వేయలేదు? అది పులి కాబట్టి విచారణ జరిగింది. పంది విషయంలో ఎవరూ విచారించరు. దెబ్బ తిన్న పంది పొదలో ఉందని చెప్పేవాడు కూడా ఉండడు.

కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు ‘పందులు పంట తింటున్నాయి, చర్య తీసుకోండి’ అన్న ఒక్క వాక్యంతో వదలొద్దు. సర్వే నంబరు, అడవి హద్దు నుంచి దూరం, పంది దిగే దారి, మంచె ఉన్న చోటు, ఏ వైపు ఇళ్లున్నాయి, ఏ వైపు ఖాళీ, ఇవన్నీ రాయండి. రేంజి ఆఫీసు నుంచి సిబ్బంది పగటి పూట ఒకసారి వచ్చి మంచె ఎక్కి, బద్ద ఎత్తు చూసుకుని, మేకులు వాళ్ల చేత్తోనే కొట్టి వెళ్లాలని అడగండి. కాల్చిన మరుసటి పొద్దున నెత్తురు జాడ పట్టి వెతికే బాధ్యత కూడా వాళ్లదేనని, అది అయ్యేదాకా ఆ చుట్టుపక్కల చేలల్లోకి ఎవరూ దిగకుండా దండోరా వేయించాలని అదే కాగితంలో చేర్చండి.