షోరూంలో బిగించినా శిక్ష తప్పదు

కొత్త బైకు డెలివరీకి ముందే షోరూంలో సైలెన్సర్, హ్యాండిల్, దీపాలు మార్పించుకోవడం యువతకు పరిపాటిగా మారింది. డీలరే బిగించినందున ఇబ్బంది ఉండదన్నది వారి ధీమా. చట్టం ఇందుకు భిన్నంగా ఉంది.

చట్టం ఏమంటోంది: మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించి ఆర్సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019లో సవరించిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చిన డీలరుకు ఏడాది వరకు జైలు లేదా వాహనానికి రూ.లక్ష జరిమానా, లేదా రెండూ పడతాయి.

నష్టం ఎవరికి: డీలరుకు శిక్ష ఎక్కువే అయినా తనిఖీల్లో పట్టుబడేది వాహనదారుడే. పోలీసులు స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన సందర్భాలున్నాయి. మార్పు సంగతి బీమా సంస్థకు తెలపకుంటే ప్రమాదం జరిగినపుడు పరిహారంపై వివాదం తలెత్తవచ్చు.

తీసేస్తే ముప్పే: అందం కోసం శారీ గార్డు, వెనుక కూర్చున్నవారు పట్టుకునే హ్యాండిల్ తొలగించడం మరింత ప్రమాదకరం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన ప్రకారం ఇవి తప్పనిసరి. గార్డు లేని బండిపై చీరకొంగు చక్రంలో చిక్కితే ప్రాణాపాయమే.

సీటు కవరు వంటి వాటితో చిక్కు లేదు. మిగతావి బిగించే ముందు అనుమతి ఉందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి. ఒక్కో వస్తువుకు విడిగా బిల్లు, వారంటీ కొనసాగుతుందన్న రాతపూర్వక హామీ డీలరు నుంచి తీసుకోవడం కొనుగోలుదారులకు శ్రేయస్కరం.