పొగ మానుటకు ప్రొద్దు పోలేదు

గోదావరి వరద తీసిన పిదప లంకలలో మిగులు ఒండ్రునేల రైతునకు బంగారము. ఆ నేలలో పండిన లంకపొగాకునకు తెలుగుదేశమంతట పేరు కలదు. అరుగుల మీది గోష్ఠులకు చుట్టపొగ ఎన్ని తరములుగనో తోడైనది. సీమనుండి వచ్చిన సిగరెట్టు చెరుపు చేయునేమో గాని, సొంతనేల చుట్ట నిరపాయమను నమ్మిక ఈ అభిమానమునుండి పుట్టినదే. కాని పంటకు గల కీర్తి పొగకు గల దోషమును కడుగజాలదు.

ఈ దోషము ఊహామాత్రము కాదు. 1950లో ఇంగ్లండున రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కాన్సరు సోకినవారిని, ఇతర వ్యాధులతో ఆసుపత్రిలో నున్నవారిని పోల్చి చూచి, ఈ వ్యాధికిని పొగత్రాగుటకును గల సంబంధమును వెల్లడించిరి. డాల్ తానును పొగత్రాగువాడే. పరిశోధన సాగుచుండగనే ఆ అలవాటును విడిచెను. 92 ఏండ్లు జీవించి 2005లో మరణించెను. తన కంటితో చూచిన సత్యమును తన నడవడిలో పెట్టుకొన్న పండితుడాతడు.

‘చుట్టపొగ నోటితోనే విడుతుము, మ్రింగము’ అని కొందరు సమాధానము చెప్పుదురు. పొగ నోటనే నిలిచినచో నోటికి, గొంతునకు కాన్సరు రాగలదు. ఉత్తరకోస్తా గ్రామములలో నిప్పు నోటిలోనికి ఉండునట్లు అడ్డపొగ త్రాగువారి అంగిటికి పుట్టు రాచపుండే ఇందుకు సాక్ష్యము. ఆ పొగ కొంతయైనను ఊపిరితిత్తులను చేరక మానదు. ఊపిరితిత్తుల లోపలి భాగమునకు నొప్పి తెలియదు కనుక వ్యాధి చాలకాలము చడిచప్పుడు లేక పెరుగును. దగ్గు వచ్చినచో పొగవారి దగ్గని ఉపేక్షింతురు. లేదా క్షయయని భ్రమపడుదురు. తెలిసికొనునప్పటికి చికిత్సకు అదను తప్పియుండును. తొంబది యేండ్లు చుట్ట కాల్చి బ్రదికిన తాతను చూపువారు, వరదను ఈది గట్టెక్కిన ఒక్కని చూపి ఊరివారినందరను ఏటిలో దిగుమనువారి వంటివారు.

అన్నిటికంటె హానికరమైన మాట వేరొకటి కలదు. ‘ఇన్నేండ్లు కాల్చితిని, ఇప్పుడు మానిన నేమి లాభము?’ అనునదే ఆ మాట. దీనికి ఉత్తరము అంకెలలోనే దొరకును. 1951లో ఆరంభించి డాల్ బృందము బ్రిటిషు పురుషవైద్యుల అలవాట్లను, ఆయుర్దాయమును 50 ఏండ్లపాటు పరిశీలించి, ఫలితములను 2004లో ప్రకటించెను. పొగత్రాగుచునే యున్నవారు సగటున సుమారు 10 ఏండ్ల ఆయుష్షు కోల్పోయిరి. 60వ యేట మానినవారు సుమారు 3 ఏండ్లు, 50వ యేట మానినవారు 6, 40వ యేట మానినవారు 9, 30వ యేట మానినవారు 10 ఏండ్లు తిరిగి సంపాదించుకొనిరి. మానిన పదియేండ్లకు ఊపిరితిత్తుల కాన్సరువలని మరణభయము, మానని వానితో పోల్చగా, సగమునకు తగ్గును. కావున ముందుగా మానుట మేలు. ఆలస్యముగ మానుటయు మేలే. అసలు మానకుండుట యొక్కటే నష్టము.

మానుట సులభమని చెప్పుట అసత్యమగును. నికోటిను శరీరమును బానిసగ చేయును. మొదటి వారములలో చికాకు, నిద్రలేమి కలుగును. కాని పొగకై పుట్టు తహతహ ప్రతిసారియు కొలది నిమిషములలో చల్లారును. ఒక దినము నిశ్చయించుకొని, ఇంటివారికి తెలిపి, చుట్టలను ఇంటినుండి తొలగించి, కాఫీ త్రాగిన వెంటనే చేయి చుట్టకు పోకుండ వేరు పనిలో పెట్టుట మంచిది. వైద్యుని సలహాపై మందులును లభించును. 2016 నుండి 1800-11-2356 అను ఉచిత టెలిఫోను ద్వారా ప్రభుత్వము సలహా నిచ్చుచున్నది. ఒకసారి తప్పినవాడు ఓడినట్లు కాదు; మరల యత్నించి గెలిచినవారెందరో కలరు.

రైతు గతి యేమను ప్రశ్న న్యాయమైనదే. వాని పొట్టకొట్టి ఇతరుల ఊపిరి కాపాడుమని ఎవరును కోరరాదు. 1947లో రాజమహేంద్రవరమున వెలసిన కేంద్ర పొగాకు పరిశోధనాసంస్థయే పొగాకునకు బదులు వేయదగిన పైరులను గూర్చి పరిశోధించినది. ఈ దశాబ్దమున ఆ సంస్థ తన పేరునుండి పొగాకును తొలగించుకొని, మిరప, పసుపు వంటి పైరులపై దృష్టి సారించినది. నేల పైరు మార్చుకొనుటకు కాలము పట్టవచ్చును. మనుష్యుడు అలవాటు మార్చుకొనుటకు అంతకాలము ఎదురుచూడ నక్కరలేదు.

ఇక ఉపాధ్యాయుని మాట. 2003 నాటి చట్టము విద్యాలయములకు 100 గజములలోపల పొగాకు అమ్మరాదనియు, 18 ఏండ్లు నిండనివారికి అమ్మరాదనియు శాసించినది. కాని చట్టము గేటు వెలుపలి దుకాణమును చూడగలదే గాని, గురువుగారి జేబును చూడజాలదు. ‘కన్యాశుల్కము’న వెంకటేశము గిరీశమువద్ద నేర్చిన విద్యలలో చుట్ట కాల్చుట ముఖ్యమైనది. గురజాడ అది చూపి నవ్వించెను. ఆ నవ్వు వెనుక నున్న హెచ్చరికను బడిపంతులు మరువరాదు. బాలుడు పాఠమును పుస్తకమునుండి చదువును. నడవడిని గురువునుండి నేర్చును. ఒక ఉపాధ్యాయుడు పొగ మానినచో తన ఆయువును మాత్రమే పెంచుకొనడు. తరగతిలోని బాలురు ఆ మొదటి చుట్ట ముట్టింపకుండుటకు కారణమగును. ఏ పరీక్షలోను లెక్కకు రాకపోయినను, అది ఆతడు చెప్పిన పాఠములలో మేలైనది.