కంచాలు ఎవరు కడగాలి?

మన న్యూజెర్సీలో 2022 మే 4 నుంచి దుకాణాల్లో ప్లాస్టిక్ సంచులు ఇవ్వడం ఆగిపోయింది. పెద్ద కిరాణా దుకాణాల్లో కాగితం సంచులు కూడా లేవు. మొదట్లో సంచి మరిచిపోయి, పాల గ్యాలన్లూ కొత్తిమీర కట్టలూ చేతులతోనే కారు దాకా మోసుకెళ్ళినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. తర్వాత అలవాటైంది. దానితో పాటే ఇంట్లో ఇంకో గుట్ట మొదలైంది. ఎవరి గరాజ్ చూసినా రంగురంగుల సంచులు పేరుకుపోయి ఉంటాయి. చూడ్డానికి గుడ్డలా కనిపించే ఆ సంచుల్లో చాలావాటిని చేసేది పాలీప్రొపిలీన్‌తో. పెరుగు డబ్బాలకు వాడేదీ అదే. చట్టం దుకాణం కౌంటర్ దగ్గర తన పని చేసింది. గుమ్మం లోపలి సంగతి మనం చూసుకోవాలి.

చూసుకోకపోవడానికి మనకొక ధీమా ఉంది. రీసైక్లింగ్ డబ్బాలో వేశాం కదా, ఇక ఫరవాలేదనుకుంటాం. ప్లాస్టిక్ వస్తువు అడుగున మూడు బాణాల త్రిభుజం, దాని మధ్య ఒక అంకె ఉంటాయి. ఆ అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతే. మళ్ళీ వాడుకలోకి వస్తుందన్న హామీ అందులో లేదు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమే ఆ అంకెల పద్ధతి తెచ్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కల్లో 2018లో ఈ దేశంలో చెత్తగా మారిన ప్లాస్టిక్ 3.57 కోట్ల టన్నులు. అందులో రీసైకిల్ అయింది 8.7 శాతం. పాల జగ్గుల్లాంటి తెల్ల సీసాలు మాత్రం 29 శాతం దాకా తిరిగి వాడుకలోకి వచ్చాయి. పప్పుల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, కూరగాయల పల్చటి సంచులు ఇంటి ముందు పెట్టే డబ్బాకు చెందినవి కావు. వేస్తే వేరుచేసే కేంద్రాల్లో యంత్రాలకు చుట్టుకుని పని ఆపేస్తాయి. రీసైక్లింగ్ కోసం ఈ దేశం పోగుచేసిన ప్లాస్టిక్ చెత్తలో పెద్ద వాటా ఒకప్పుడు ఓడలెక్కి చైనాకు పోయేది. 2018 మొదట్లో ఆ దేశం దాన్ని తీసుకోవడం మానేసింది. కాబట్టి ఆలోచించాల్సింది పారేసేటప్పుడు కాదు, కొనేటప్పుడు.

పైగా మన వంటకూ ప్లాస్టిక్‌కూ పొసగదు. మన కూరల్లో వేడి, నూనె రెండూ ఎక్కువే. ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగడానికి ఆ రెండూ దారిస్తాయి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు పసిపిల్లల ఆహారపు డబ్బాలను మైక్రోవేవ్‌లో పెట్టి చూసి, కొన్నింటిలో చదరపు సెంటీమీటరుకు లక్షల్లో సూక్ష్మ కణాలు విడుదలవుతాయని 2023లో ప్రచురించారు. ఖాళీ అయిన పెరుగు డబ్బాలు కడిగి దాచుకునే మన పొదుపును మేము తప్పు పట్టడం లేదు. పోపు గింజలకూ ఎండుమిరపకాయలకూ అవి చక్కగా పనికొస్తాయి. పొయ్యి మీంచి అప్పుడే దించిన సాంబారుకు మాత్రం వద్దు. గాజు గిన్నె, స్టీలు డబ్బా ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకు మా జవాబు పెరుగు. మన ఇళ్ళల్లో పెరుగు లేని పూట ఉండదు. వారానికి ఒక అయిదు పౌన్ల డబ్బా అయిపోయే ఇంట్లో ఏడాదికి 52 డబ్బాలు పోగవుతాయి. అదే పెరుగుకు అర గ్యాలన్ పైచిలుకు పాలు చాలు. ఆ పాలు కూడా ప్లాస్టిక్ జగ్గులోనే వస్తాయి, నిజమే. కానీ ఉన్న ప్లాస్టిక్‌లన్నింటిలో తిరిగి వాడుకలోకి వచ్చే అవకాశం కాస్త ఎక్కువున్నది ఆ జగ్గే, పైగా పల్చగా తేలిగ్గా ఉంటుంది. పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు పెట్టి, చలికాలంలో గిన్నెను ఒవెన్ లోపల దీపం మాత్రం వేసి ఉంచితే తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది. జనవరి మంచులో కూడా ఈ పద్ధతి పనిచేస్తుందని ఇక్కడ చాలా ఇళ్ళకు తెలుసు.

తెలిసినా ఎందుకు చేయరు? పాలు పొంగకుండా ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలి. అడుగంటిన గిన్నె ఒకరు తోమాలి. ప్లాస్టిక్ గురించి రాసే వ్యాసాలు తరచుగా దాటవేసే విషయం ఇదే, మేము ఈసారి చెప్పదలుచుకున్నదీ ఇదే. ప్లాస్టిక్ మన ఇళ్ళల్లోకి ఊరికే రాలేదు. ఊళ్ళో అంట్లు తోమడానికి మనిషి ఉండేది, లేదా అత్తా కోడలూ పని పంచుకునేవారు. ఇక్కడ ఉద్యోగం చేసి వచ్చి, పిల్లల్ని సంగీతం క్లాసుకు దింపి, ఇరవై మందికి వండిన ఇల్లాలికి వాడి పారేసే కంచం ఊపిరి పీల్చుకునే వీలిచ్చింది. ఆ వీలును లాగేసుకుని, బదులుగా స్టీలు కంచాల దొంతర సింకులో పెట్టి, దానికి పర్యావరణం అని పేరు పెడితే అది అన్యాయం. అలాంటి మార్పు నెల రోజులు కూడా నిలవదు, నిలవాలని కోరే హక్కూ మనకు లేదు.

అందుకే ఇంట్లో ప్లాస్టిక్ తగ్గాలంటే ముందు ఇంట్లో పని పంచుకోవాలి. పాలు తోడు పెట్టడం భర్త పని కావచ్చు. హైస్కూలు పిల్లలు రాత్రి డిష్‌వాషర్ నింపగలరు. విందుకు వచ్చేవాళ్ళు మిగిలిన కూరలు తీసుకెళ్ళడానికి తమ క్యారియర్లు తామే తెచ్చుకుంటే, ఇచ్చే ఇంటివారు డబ్బాల కోసం వెతుక్కోనక్కరలేదు. ఇరవై పౌన్ల కందిపప్పు ఒకే సంచిలో కొని రెండు కుటుంబాలు పంచుకుంటే చిన్న ప్యాకెట్లు తగ్గుతాయి, డబ్బూ మిగులుతుంది.

మన తెలుగు సంఘం కూడా ఇందులో వెనకబడే ఉంది. నురుగు కంచాలను చట్టం ఆపాక మన వేడుకలకు గట్టి ప్లాస్టిక్ కంచాలు వచ్చాయి. చిన్న నీళ్ళ సీసాలు సగం తాగి కుర్చీల కింద వదిలేసినవి ప్రతి పండుగ తర్వాతా బస్తాలకెత్తుతున్నాం. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలను దేవస్థానం నిషేధించింది. రోజూ వేల మంది వచ్చే చోట అది సాధ్యమైనప్పుడు, కొన్ని వందల మంది చేరే మన హాలులో ఎందుకు కాదు?

వచ్చే ఉగాది భోజనాలకు స్టీలు కంచాలూ గ్లాసులూ కొనాలని, నీళ్ళకు పెద్ద డ్రమ్ములు పెట్టాలని, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలని ఈ సంచిక తరఫున సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాం. కంచాలు కడగడానికి వంతులు వేయాలి. వేదిక మీద కూర్చునేవారి పేర్లతోనే, అందులోనూ మగవారి పేర్లతోనే, ఆ జాబితా మొదలవ్వాలి. సంపాదకవర్గంలోని మగవాళ్ళం మా పేర్లు ఇప్పటికే ఇచ్చాం.