రికార్డులు పోగేసిన రాజావారేనా?

వి.ఎ.కె. రంగారావు గారి పేరెత్తగానే మనవాళ్ళు రెండే మాటలంటారు: "బొబ్బిలి రాజకుటుంబీకుడు, వేలకొలది గ్రామఫోను రికార్డులు పోగుచేసినవాడు". ఈ పొగడ్తకే నా ఆక్షేపణ. ఇందులో ఆయన చేసిన అసలు పని, అంటే విమర్శ, మాయమైపోతున్నది.

డబ్బున్నవాడెవడైనా రికార్డులు కొనగలడు. 'ఆలాపన' వంటి శీర్షిక నడపడానికి మాత్రం చెవి కావాలి, చదువు కావాలి, మొహమాటం లేని కలం కావాలి. పాట ఎవరు వ్రాశారు, ఎవరు వరుస కట్టారు, ఎవరు పాడారు, ఆ వరుస ఎక్కడిది అని నిలదీసిన పాత్రికేయులు మనకెందరు?

"సినిమాపాటకింత రాద్ధాంతమా?" అని పండితులు పెదవి విరుస్తారు. 1953 నాటి 'దేవదాసు'నే చూడండి. సంగీతదర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ 1952లోనే కన్నుమూశారు. మిగిలిన పని పూర్తిచేసినవారు విశ్వనాథన్, రామమూర్తి. ఇటువంటి సంగతులు ఎవరో ఒకరు పట్టించుకుని వ్రాయకపోతే ఆ ఇద్దరి శ్రమ గాలికి పోయేది. తాళపత్రానికి పాఠపరిష్కర్త ఎంత అవసరమో, మూడు నిమిషాల లక్క రికార్డుకు విమర్శకుడూ అంతే అవసరం.

ఘంటసాల సంగీతం నేర్చిన విజయనగరం మనది. పాడినవాణ్ణి తలచుకుని గర్వపడతాం. పాటను గురించి వ్రాసినవాణ్ణి వింతమనిషిగా చెప్పుకుంటాం. ఇది న్యాయం కాదు. మిత్రులారా, టపాలో పాట పెట్టేటప్పుడు కవి, స్వరకర్త, గాయకుల పేర్లు, సంవత్సరం తప్పక వ్రాయండి. తెలియకపోతే వెతకండి. రంగారావు గారికి దండలకంటె అదే తగిన గౌరవం.