వార్ధక్యంలో పరుగు: అభ్యాసమా, అభినివేశమా?

విశాఖ సాగరతీరపు దారిలోనో, హైదరాబాదు కె.బి.ఆర్. ఉద్యానవనం చుట్టూనో వేకువజామున పరుగెత్తే 60 దాటినవారిని చూచి కొందరు సాధకులు నొసలు ముడుస్తారు. ఆరోగ్యార్థం నడక సరే. వానప్రస్థానికి తగిన వయస్సులో పందెం, పతకం, గడియారం ఎందుకు? ఇది దేహాభిమానం కాదా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసిపుచ్చరాదు. అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వాగ్భటాచార్యుడే వ్యాయామం మానవలసినవారిలో బాలురతో, అజీర్ణరోగులతో పాటు వృద్ధులనూ చేర్చాడు.

అయితే వృద్ధుడెవరు? చరకసంహిత 60 ఏళ్లతో, సుశ్రుతసంహిత 70 ఏళ్లతో వార్ధక్యాన్ని ఆరంభిస్తాయి. ఆచార్యుల నడుమనే దశాబ్దపు అంతరం ఉన్నప్పుడు, సంఖ్య కన్న బలమే ప్రమాణమని గ్రహించడం ఉచితం.

కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ జీవితం ఈ సందర్భంలో పరిశీలింపదగినది. 1931లో ఇంగ్లండులో జన్మించిన ఈయన యౌవనంలో విడిచిన పరుగును నడివయస్సులో తిరిగి చేపట్టారు. 2003లో, 72వ ఏట, టొరంటోలో 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో ముగించారు. 70 దాటి, మూడు గంటలలోపు ఆ దూరం పూర్తిచేసిన తొలివ్యక్తి ఆయనే. మరుసటి ఏడు ఆ కాలాన్ని మరో నాలుగు నిమిషాలకు పైగా తగ్గించారు. 2016లో, 85వ ఏట కూడా, నాలుగు గంటలు పట్టలేదు.

ఈ అంకెల కన్న ఆలోచింపజేసేది ఆయన అభ్యాసస్థలం. మిల్టన్ పట్టణంలో ఇంటి సమీపాన ఉన్న శ్మశానవాటికలో, అవే బాటల చుట్టూ, మూడేసి గంటలు, అతి నెమ్మదిగా పరుగెత్తేవారు. దీనికి ప్రదక్షిణమని పేరు పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. ఆయన మాత్రం అటువంటి భావమేదీ ఆరోపించలేదు. ఇల్లు దగ్గర, వాహనాల బెడద లేదు, దెబ్బ తగిలితే నడిచి ఇల్లు చేరవచ్చు. అంతే. రికార్డులంటే తనకు ప్రీతి అన్న మాటనూ దాచలేదు. ఆయనను జ్ఞానిగా నిలబెట్టనక్కరలేదు. కాని మోకాళ్లు మొరాయించినప్పుడు నెలల తరబడి పరుగు మాని, తిరిగి కొద్దికొద్దిగా పెంచుకొన్న ఆ ఓర్పు గీత ఆరవ అధ్యాయం బోధించే యుక్తచేష్టకు దూరమైనది కాదు.

వాగ్భటుడు ఆ నిషేధం వెంటనే బలవంతులకు సైతం అర్ధశక్తి మేరకే వ్యాయామం విధించాడు. హృదయస్థానంలోని వాయువు నోటికి చేరడమే ఆ సగానికి గుర్తని సుశ్రుతసంహిత చెబుతుంది. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే చాలునని నేటి శిక్షకులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. పందెంనాడు ఈ నియమం చెల్లదు. అక్కడ పూర్ణశక్తి వ్యయమవుతుంది. అందుకు శాస్త్రాన్ని వంచి అనుమతి సంపాదించడం కన్న, ఏడాదికి ఒకటి రెండు పందేలతో తృప్తిపడి తక్కిన దినాలను అర్ధశక్తితో గడపడం మేలు. వయస్సుతో గుండె గరిష్ఠవేగం తగ్గుతుంది. శ్రమించిన కండరాలు, స్నాయువులు కోలుకోవడానికి అధికకాలం పడుతుంది. విశ్రాంతి సోమరితనం కాదు, అభ్యాసంలోని భాగమే.

నిజమైన బంధం పతకంలో లేదు, నిన్నటి దేహంలో ఉంది. 68 ఏళ్ల వ్యక్తి తన 45వ ఏటి కాలాన్ని వెంటాడుతూ, ఛాతీ బిగుసుకొంటున్నా ఆగక పరుగెత్తితే అది ధైర్యం కాదు. పతంజలి క్లేశాలలో చేర్చిన అభినివేశానికి అది మరో రూపం. వయోధిక క్రీడాకారుల పోటీలలో ఐదేళ్లకొక వర్గం ఉండడం ఈ దృష్టితో సముచితమైన ఏర్పాటు. 70 నిండినందుకు మనిషి సంతోషించే చోటు లోకంలో ఇంకెక్కడ ఉంటుంది?

ఇక విడువవలసిన వేళ. ఫౌజా సింగ్ 2000లో, తాను చెప్పిన లెక్క ప్రకారం 89వ ఏట, లండనులో తొలి మారథాన్ పరుగెత్తారు. జన్మపత్రం లేనందున ఆయన శతాధిక వయస్సు నాటి పరుగును గిన్నిస్ సంస్థ నమోదు చేయలేదు. దానివల్ల ఆయన పరుగు ఆగలేదు. 2013లో హాంకాంగ్‌లో 10 కిలోమీటర్ల పరుగుతో స్వయంగా పందేలకు స్వస్తి చెప్పారు. నడక మాత్రం విడువలేదు. 2025 జూలైలో, పంజాబులోని స్వగ్రామం వద్ద వాహనం ఢీకొని కన్నుమూసిన నాడు కూడా ఆయన కాలినడకనే రోడ్డు దాటుతున్నారు.