గృహోద్యానము: ఆకుమొక్కను పూయించుట

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి పట్టణములలో నేడు పూలకుండీలు పెరటినుండి ముందుగదికి వచ్చి చేరుచున్నవి. అందు పీస్ లిల్లీ యను మొక్క యొకటి. కొన్ననాడు దానికి రెండుమూడు తెల్లని పూవులుండును. అవి వాడిన పిమ్మట ఏడాది గడచినను మరల మొగ్గ కానరాదు. అంతట నింటివారు, గృహిణి హస్తవాసి మంచిది కాదందురు. ఆమెయు నది నిజమేయని నొచ్చుకొనును. ఈ నింద యెంత నిరాధారమో, ఆ మొక్కను మరల పూయించుట కేమి చేయవలెనో ఈ నెల విన్నవించెదము.

ఈ మొక్క మధ్య, దక్షిణ అమెరికాల ఉష్ణారణ్యములలో పెద్దచెట్ల క్రింద పెరుగునది. మన కంద, చేమల వంశమునకు చెందినది. మనము పూవనుకొను తెల్లని రేకు నిజమునకొక ఆకే. దాని నడుమ నిలిచిన కంకిపై నుండు సన్నని బుడిపెలే అసలు పూవులు. కందపూవును చూచినవారికి ఈ పోలిక సులభముగ తెలియును. దాని దుర్వాసన మాత్రము దీనికి లేదు.

అంగడిలో పూచినది ఇంట పూయకుండుటకు కారణమేమి? అమ్మకమునకు పెంచు తోటలలో గిబ్బరెల్లిను అను ద్రవ్యమును ఆకులపై చల్లుట కలదు. మొక్కల ఎదుగుదలను, పూతను నడిపించు పదార్థమిది. వరిపైరు వెర్రిగా పొడవెక్కు తెగులునకు ఒక బూజు స్రవించు పదార్థమే మూలమని జపాను శాస్త్రజ్ఞుడు కురొసావా 1926లో కనుగొనెను; ఆ పదార్థమే తరువాత గిబ్బరెల్లినుగ ప్రసిద్ధికెక్కినది. దానిని చల్లినచో రెండుమూడు నెలలలో లేతమొక్క సైతము పూయును. ఆ ప్రభావము తీరిన పిదప మొక్క తన సహజకాలమునకై వేచియుండును. ఇందు గృహిణి దోషమేమియు లేదు.

ఇంట దానిని పూయించునది ముఖ్యముగ వెలుతురు. నీడమొక్కయని చీకటిమూల నుంచినచో అది బ్రదుకును గాని పూయదు. తూర్పు కిటికీ చెంత నుంచుట మేలు. మధ్యాహ్నపువేళ అరచేతిని ఆకుపై జానెడెత్తున పట్టి చూడుడు. మెత్తని నీడ పడినచో వెలుతురు చాలును. నీడయే పడనిచో చాలదు. అంచు తేలిన నల్లని నీడ పడినచో అది తీక్ష్ణమైన యెండ, ఆకు మాడును. వేసవిలో మన ప్రాంతమున 40 డిగ్రీలు దాటు దినములందు కుండీని కిటికీనుండి రెండడుగులు లోనికి జరిపి, వడగాలి తగులకుండ కాపాడవలెను. భూపాలపల్లి బొగ్గుగనుల పట్టణము గనుక అచ్చటి సోదరీమణులు వారమున కొకసారి తడిగుడ్డతో ఆకుల దుమ్ము తుడువవలెను. దుమ్ము కప్పిన ఆకునకు వెలుతురందదు.

పైమన్ను ఆరిన పిదపనే నిండుగ నీరుపోసి, అడుగున నిలిచిన నీటిని పారబోయవలెను. జనగామకు దక్షిణమున నున్న నల్లగొండ ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు అధికమను సంగతి లోకవిదితము. అట్టి నీటికి ఈ మొక్క ఆకుల కొసలు మాడును. వాననీరు పట్టియుంచి పోయుట మంచిది. యూరియా వేసినచో ఆకులు బలియునే గాని పూత వెనుకబడును. రెండు నెలలకొకమారు పిడికెడు వానపాముల ఎరువు చాలును. పెద్దకుండీకి తొందరపడి మార్చవలదు. వేళ్లు కుండీని నింపినపుడు మార్చిన చాలును.

మనీప్లాంటును గూడ పూయింపవచ్చునా యని కొందరడుగుదురు. ఆ యాశ వదలుకొనుటయే మేలు. పసిఫిక్ సముద్రమందలి మోరియా దీవి దాని జన్మస్థానము. అది తనంతట పూచినట్లు 1964 తరువాత తెలియవచ్చుట లేదు. తనకు వలసిన గిబ్బరెల్లినును తగినంతగ తయారుచేసికొనలేకపోవుటయే ఇందులకు కారణమని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పుట్టుకతోడి లోపమునకు పెంచిన చేతిని నిందింపనేల?

ఒక హెచ్చరిక. ఈ రెండు మొక్కల రసమును కందవలెనే దురద పుట్టించును. ఆకు నమలిన పసిబిడ్డకు నోరు మండి వాచును. కావున కుండీని బిడ్డల కందని యెత్తున నుంచి, ఆకులు కోసిన పిదప చేతులు కడుగుకొనవలెను.

సోదరీమణులారా! మొక్కను వెలుతురునకు మార్చిన మరునాడే మొగ్గకై చూడకుడు. కొన్ని నెలలు ఓపికతో కనిపెట్టియుండుడు. మొగ్గ తొడిగిననాడు హస్తవాసిని నిందించినవారినే పిలిచి చూపుడు. కిటికీ చేసిన మేలునుగూడ వారికి తెలుపుడు.