నూనె సీసా కాదు, విరుగుడు సూది కావాలి

చార్మినార్ చుట్టుపక్కల యునాని మందుల దుకాణాల్లో కలోంజీ నూనె, అంటే నల్ల జీలకర్ర నూనె, దొరుకుతుంది. పాతబస్తీలోని జియాగూడ మండీకి జీవాలను తోలుకొచ్చే రైతులు, గొల్లకురుమలు మమ్మల్ని తరచూ ఒక మాట అడుగుతున్నారు: మందు కొట్టిన చేను మేసిన గొర్రెకు ఈ నూనె పోస్తే బతుకుతుందా?

ఈ మాట గాలిలోంచి పుట్టింది కాదు. నల్ల జీలకర్ర నూనె, ఆలివ్ నూనె వంటివి పురుగుమందుల వల్ల కాలేయానికి జరిగే హానిని కొంత తగ్గించాయని ఎలుకలపై చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. అయితే అక్కడ విషాన్నీ, నూనెనూ కొలిచి ఇచ్చారు. చాలా ప్రయోగాల్లో విషానికి ముందే, లేదా దానితోపాటే నూనె ఇస్తూ వచ్చారు. చేలో పడి కొట్టుకుంటున్న జీవం సంగతి వేరు.

క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి మందులు నరాలను నడిపే ఎంజైమును కట్టేస్తాయి. చొంగ కారుతుంది, పారుకుంటుంది, కండరాలు అదురుతాయి, ఊపిరి ఆడదు. నూనె ఈ కట్టును విప్పలేదు. పైగా చాలా పురుగుమందులు కొవ్వులో కరుగుతాయి. కడుపులో విషం ఉండగా నూనె పోస్తే అది ఒంటికి మరింత పట్టే ప్రమాదం ఉంది. వణుకుతున్న జీవానికి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. ఇలాంటి విషానికి విరుగుడు అట్రోపిన్ సూది. అదీ పశువైద్యుడి చేతుల మీదుగా, వేళకు పడాలి.

2006లో వరంగల్ జిల్లాలో పత్తి చేలు మేసిన గొర్రెలు చనిపోయాయి. బీటీ పత్తే కారణమని కాపరులన్నారు. నైట్రేట్లో, పురుగుమందుల అవశేషాలో కావచ్చని అధికారులన్నారు. వాదన ఎటు తేలినా నష్టం మాత్రం కాపరిదే అయింది. అందుకే మా మాట స్పష్టం. విషం అమ్మే ఏర్పాటు ఊరూరా ఉన్నప్పుడు విరుగుడు కూడా ఊరికి దగ్గర్లోనే ఉండాలి.

ప్రతి పశువైద్యశాలలో, 1962 సంచార వాహనంలో అట్రోపిన్ నిల్వ ఉంచాలని డిమాండ్ చేస్తున్నాం. చనిపోయిన జీవానికి పోస్టుమార్టం చేసి, కడుపులోని మేతను పరీక్షకు పంపి, ఫలితాన్ని రాతపూర్వకంగా యజమానికి ఇవ్వాలి. ఆ కాగితం లేకపోతే పరిహారం అడిగే దారే ఉండదు.

మన వంతు పనీ ఉంది. మందు కొట్టిన రోజే పక్క కాపరికి కబురు చెబుదాం, గట్టు మీద గుర్తుగా గుడ్డ కడదాం. ఖాళీ డబ్బాలను కుంటల్లో పడేయొద్దు. విషం తగిలిందని అనుమానం వస్తే మందు డబ్బా చేతపట్టుకుని వెంటనే 1962కు ఫోన్ చేద్దాం. మందు ఒంటిమీద పడితే సబ్బు నీళ్లతో కడుగుదాం.

నల్ల జీలకర్ర నూనె మీద మాకు పగ లేదు. దాన్ని నమ్ముకుని సూది వేయించే వేళ దాటిపోవడమే మా భయం.